వెంకటకృష్ణారావు గారి అసలు ఆదాయం

విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద బరువు మోసే కమాను కట్టలు బాగుచేసే షెడ్డు నడుపుతున్న వెంకటకృష్ణారావు గారికి సాలీనా ఐదు ఆదాయాలు ఉన్నట్టు ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఐదు వ్యాపారాలు కాదు. వ్యాపారం ఒకటే, ఆదాయాలు ఐదు.

మొదటిది ఇన్‌కం టాక్సు వారికి చెప్పేది. పన్ను ఎక్కడ మొదలవుతుందో కనుక్కుని, దానికి సరిగ్గా రెండు వేలు ఇవతల అది ఏటా ఆగిపోయేది. గవర్నమెంటు వారు ఆ గీతను పైకి జరిపినప్పుడల్లా ఆయన ఆదాయం కూడా ఎంతో క్రమశిక్షణతో పైకి జరిగేది. రెండోది రేషను కార్డు సర్వేకు వచ్చిన అమ్మాయికి చెప్పింది. అది రాసుకుంటూ ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. మూడోది బంధువుల పెళ్లిళ్లలో, భోజనాల బంతిలో పక్కన కూర్చున్నవాళ్ల స్థాయిని బట్టి చెప్పేది. నాలుగోది అదే బంధువులు మర్నాడు అప్పుకోసం వస్తే చెప్పేది. ఐదోది అసలు ఆదాయం. అది ఎంతో ఆయనకే తెలియదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు గనక లెక్క వేయాల్సిన అవసరం రాలేదు.

ఇందులో వింతేముందని పాఠకులు అడుగుతారు. ఏమీ లేదు. మనలో మన మాట, మూడు ఆదాయాలకు తక్కువ ఉన్నవాణ్ని మన ఊళ్లో సంసారి అనరు.

రిటర్ను వేసే పని ఇరవై ఏళ్లుగా ఆడిటర్ సాయిగణేష్ గారు చూస్తున్నారు. సాయిగణేష్ గారికి ఒక జెరాక్సు షాపు ఉంది, కంప్యూటరు ఉంది, నుదుట నిలువు బొట్టు ఉంది. చార్టర్డ్ అకౌంటెంటు పరీక్ష ఆయన పాసవలేదు, తప్పలేదు, అసలు రాయలేదు. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు కూడా. ఎవరూ అడగలేదు, అంతే. మన దగ్గర సూది వేసేవాడు డాక్టరు, లెక్క వేసేవాడు ఆడిటరు. ఫీజు పదిహేను వందలు, జెరాక్సులు ఉచితం.

అంతటి సమర్థుడు అండగా ఉన్నా వెంకటకృష్ణారావు గారికి మనశ్శాంతి ఉండేది కాదు. ఆటోనగర్ రోడ్డు మీద తెల్ల జీపు కనిపిస్తే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవారు. షెడ్డులో రాసుకునే ఖాతా పుస్తకాన్ని రాత్రికి ఇంటికి తెచ్చి బియ్యం డబ్బాలో దాచేవారు. ఆయన భార్య సంపూర్ణ బియ్యం కొలిచేముందు రోజూ ఆ పుస్తకం తీసి, దులిపి, మళ్లీ పెట్టేది. దాచిన ఆదాయం ఏడాదికి పదిహేను లక్షలకు తగ్గదని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఛాతీ కాస్త ముందుకు పెట్టి నడిచేవారు.

షెడ్డు స్థలం మాత్రం ఆయనది కాదు, జక్కయ్య గారిది. జక్కయ్య గారు ఒకప్పుడు పదకొండు లారీలకు ఓనరు, ప్రస్తుతం రెండు మోకాళ్ల నొప్పులకు ఓనరు. ఆయన ఒక సోమవారం పొద్దున ఆటో దిగి వచ్చి, స్టూలు మీద కూర్చుని, విషయం చెప్పారు.

"కిష్ణారావూ, స్థలం అమ్మేస్తున్నానయ్యా. బయటోళ్లు తిరుగుతున్నారు. పాతికేళ్ల నించీ ఉన్నోడివి గదా అని ముందు నీకే చెబుతున్నా. అరవై లక్షలు. రెండు నెలల్లో తేల్చెయ్. కాదంటే ఖాళీ చెయ్యాల మరి."

కమాను కట్టల వ్యాపారానికి చోటే ప్రాణం. కమాను విరిగిన లారీ డ్రైవరు అడ్రసులు వెతుక్కోడు, అలవాటైన చోటికి కళ్లు మూసుకుని వస్తాడు. వంద గజాలు అవతలికి జరిగినా ఆ లారీ పక్కవాడి షెడ్డులో ఆగుతుంది. కనుక షెడ్డు పోతే వెంకటకృష్ణారావు గారికి ఐదు ఆదాయాలూ ఒక్కసారే పోతాయి.

ఆయన బ్యాంకుకు వెళ్లారు. మేనేజరు గారు మూడేళ్ల రిటర్నులు తిరగేసి, కళ్లద్దాలు తీసి, చాలాసేపు జాలిగా చూశారు.

"మీ కాగితాల ప్రకారం షెడ్డు అద్దె, ఇద్దరు మేస్త్రీల జీతం, కరెంటు బిల్లు పోగా మీరు ఒంటిపూట తింటున్నారండీ. మీకు మేం అప్పు ఇవ్వకూడదు, చందా ఇవ్వాలి. ఆదాయం గట్టిగా కనబడాలి. అది కూడా చార్టర్డ్ అకౌంటెంటు సంతకంతో, సీలుతో, ఆయన సభ్యత్వ నంబరుతో కావాలి."

పన్ను కట్టేంత ఆదాయం తనకు లేదని కాగితం మీద చూసుకుని వెంకటకృష్ణారావు గారు బాధపడటం ఇదే ప్రథమం. సాయిగణేష్ గారి దగ్గరకు పరిగెత్తితే ఆయన ధైర్యం చెప్పారు. "సీలంటే రబ్బరు స్టాంపేగదండీ! పావుగంటలో చేయిస్తాను. నంబరు మీకు నచ్చింది చెప్పండి, ఫ్యాన్సీ నంబరు వేసుకుందాం." వెంకటకృష్ణారావు గారు తప్పులో కూడా పద్ధతి ఉండాలనుకునే మనిషి. దండం పెట్టి వచ్చేశారు.

ఆ విధంగా, వ్యాపారం మొదలుపెట్టిన పాతికేళ్లకు, ఆయన అసలైన ఆడిటరు కోసం వెతకడం మొదలుపెట్టారు. ఈ విషయంలో సలహా పక్క షెడ్డు అంతోని ఇచ్చాడు. అంతోని రేడియేటర్లు బాగుచేస్తాడు, వర్తకుల సంఘానికి కార్యదర్శి కూడా.

"అన్నయ్యా, ఆడిటరంటే ఎట్టా ఉండాలో చెప్తా విను. మనం పోంగానే కుర్చీ ఖాళీగా ఉంటే ఆయన పనికిరాడు. ఫైళ్లు మెట్లమీదికి పొర్లాల. మనల్ని తిట్టాల. ఫోనెత్తకూడదు. ఎత్తాడంటే పనిలేనోడన్న మాట."

ఈ లక్షణాలన్నీ మూర్తీభవించిన సిద్ధార్థ గారు బెంజ్ సర్కిల్ దగ్గర ఉన్నారు. వెంకటకృష్ణారావు గారు వెళ్లేసరికి ఖాళీ కుర్చీలు లేవు, ఖాళీ గోడ కూడా లేదు. గోడకు ఆనుకోవడానికి వంతులున్నాయి. మూడు గంటలు నిలబడ్డాక ఆయనకు భక్తి పుట్టింది. నాలుగో గంటలో లోపలికి పిలిచారు.

"ఎంత ఆదాయం కావాలి?" అన్నారు సిద్ధార్థ గారు, బట్టల షాపులో ఎన్ని మీటర్లని అడిగినట్టు.

"ఎంతుందో అంతండీ."

సిద్ధార్థ గారు నవ్వి, వెనక్కి వాలి, ఉపన్యసించారు. "చూడండి. ఆదాయమనేది వస్తువు కాదు, అభిప్రాయం. టాక్సు వైపు నుంచి చూస్తే గుంట, బ్యాంకు వైపు నుంచి చూస్తే గుట్ట. ముప్ఫై ఏళ్లుగా ఈ నగరాభివృద్ధి కోసం గుంటలు తవ్వుతున్నాను, గుట్టలు పోస్తున్నాను. ఏ ఒక్క క్లయింటుకూ వాడి అసలు ఎత్తు తెలియనివ్వలేదు. అదీ వృత్తి ధర్మం."

అయితే గుంటకంటే గుట్టకు ఖర్చు ఎక్కువ. గడిచిన మూడేళ్ల రిటర్నులు పెంచి మళ్లీ వేయాలి. పెంచినదానికి పన్ను, ఆలస్యంగా గుర్తొచ్చినందుకు అదనపు పన్ను, అన్నీ కలిపి ఆరు లక్షల చిల్లర అవుతుంది. వెంకటకృష్ణారావు గారు లేచి నిలబడ్డారు. ఉన్న ఆదాయం ఉందని చెప్పడానికి ఆరు లక్షలా? ఇంతకంటే తక్కువలో నిజం చెప్పేవాళ్లు ఊళ్లో ఎవరైనా ఉండకపోతారా అనుకుంటూ బయటపడ్డారు.

ఉన్నారు. ఆయన ఆరేళ్లుగా రోజూ ఇడ్లీ తినే టిఫిను సెంటరుకు పైన, మొదటి అంతస్తులోనే ఉన్నారు. 'బి. వినీల, చార్టర్డ్ అకౌంటెంట్' అన్న బోర్డు ఆయన రోజూ చూస్తున్నదే. కాని మన విజయవాడలో గోడ మీద చదువు పేరు కనబడితే అది కోచింగ్ సెంటరని చిన్నపిల్లవాడికైనా తెలుసు. ఆయన ఆ బోర్డు చూసి ఇద్దరు బంధువులకు సిఫారసు కూడా చేశారు, హాస్టలు వసతి కనుక్కోమని. ఆ రోజు చట్నీ మళ్లీ వేస్తున్న ఆమె "పైన మేడమ్ ఆడిటరేగా అండీ, మా బిల్లులు కూడా ఆమే చూసుద్ది" అన్నప్పుడు ఆయన ఇడ్లీ ముక్క చేతిలోనే ఆగిపోయింది.

పైకి వెళ్లారు. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఫైళ్లు బీరువాలో ఉన్నాయి. మనిషి సీట్లో ఉంది. అంతోని చెప్పిన ప్రకారం వెంటనే వెనక్కి రావలసింది గాని, కాలు నొప్పిగా ఉండి కూర్చున్నారు. వినీలకు ముప్ఫై అయిదేళ్లుంటాయి. రోజూ ఇబ్రహీంపట్నం నుంచి స్కూటీ మీద వచ్చి పదింటికల్లా తలుపు తీస్తుంది. ఆయన చెప్పిందంతా రాసుకుని, ఆమె ఒక్క ప్రశ్న అడిగింది.

"అసలు మీకు ఎంతొస్తుందండీ?"

వెంకటకృష్ణారావు గారు అటూ ఇటూ చూశారు. యాభై రెండేళ్ల జీవితంలో ఆ ప్రశ్న ఎవరూ ఇంత తిన్నగా అడగలేదు. "అంటే ఎవరికి చెప్పడానికండీ?" అన్నారు.

"ఎవరికీ కాదండీ. మీకే."

బియ్యం డబ్బాలోని పుస్తకం, దాని అన్నదమ్ములు, గోనెసంచిలో బిల్లులు, బ్యాంకు పుస్తకాలు అన్నీ మేడ ఎక్కాయి. పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ వెంకటకృష్ణారావు గారు భయంతో, దానికి రెట్టింపు గర్వంతో ఉన్నారు. ఎంత దాచానో పాపం ఆ అమ్మాయి గుండె ఆగిపోతుందేమోనని సంపూర్ణతో అన్నారు కూడా.

పదహారో రోజున వినీల ఒక కాగితం ముందుకు జరిపింది. ఆయన ఆదాయం ఏడాదికి రెండు లక్షల పది వేలు.

"ఒక సున్నా తప్పిపోయింది మేడమ్," అన్నారు ఆయన.

"లేదండీ, మూడుసార్లు చూశాను. ఖాతాలో పెట్టిన లారీలవాళ్లలో సగంమంది డబ్బులివ్వలేదు. మీరు గల్లాపెట్టెలోంచి తీసిందంతా లాభం అనుకున్నారు. గల్లాలో తగ్గినప్పుడల్లా ఊళ్లో పొలం అమ్మి పోశారు. పామర్రు దగ్గర ఎకరం, తర్వాత ఇంకో ముప్పావు. షాపు మిమ్మల్ని పోషించలేదండీ. మీ పొలమే షాపును పోషించింది." ఆమె మెల్లగా చెప్పింది. "మీరు టాక్సుకు చూపించింది కూడా మీకు వచ్చేదానికంటే ఎక్కువే. మీరు ఎగ్గొట్టిన పన్నంటూ ఏమీ లేదు."

కొండను తవ్వి ఎలుకను పడితే కనీసం ఎలుక ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. ఇరవై ఏళ్లుగా వెంకటకృష్ణారావు గారు లేని పన్నును మహా చాకచక్యంగా ఎగ్గొడుతూ వచ్చారు. జీపును చూసి ఉలిక్కిపడ్డ ఆ ఉలికిపాట్లన్నీ వృథా. ఆయనకు నిజంగా ఏడుపు వచ్చింది. దొంగ అన్నందుకు ఏడ్చినవాళ్లను చూశాం. కాదన్నందుకు ఏడ్చినవాణ్ని ఆ ఆఫీసు అప్పుడే చూసింది.

"అమ్మా, నీకు దండం పెడతాను. నేను ఎంతో కొంత దాచానని రాయి. ఆ పన్ను కట్టేస్తాను. బ్యాంకువాళ్లు అప్పిస్తారు, షెడ్డు దక్కుతుంది. బయట నా పరువు కూడా..."

"లేనిదానికి పన్ను కట్టించలేనండీ," అంది వినీల. "ఈ లెక్కకు అరవై లక్షల షెడ్డు వద్దండీ. వెనక రోడ్డులో అద్దెకు చూసుకోండి, ముందు ఆ ఖాతాలు వసూలు చేసుకోండి. రెండేళ్లలో నిలదొక్కుకుంటారు."

మంచి సలహా ఉచితంగా ఇస్తే మనం ఏం చేస్తామో పాఠకులకు తెలుసు. వెంకటకృష్ణారావు గారు తిన్నగా బెంజ్ సర్కిల్ వెళ్లి మళ్లీ గోడకు ఆనుకున్నారు.

సిద్ధార్థ గారు ఏడాదికి పద్నాలుగు లక్షల చొప్పున మూడు గుట్టలు పోశారు. ఆ గుట్టలకు పన్ను కట్టడానికి, బ్యాంకువారు అడిగిన సొంత వాటాకు డబ్బు కావాలి. మిగిలింది సంపూర్ణకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం. రిజిస్ట్రారు ఆఫీసులో వాళ్లు చూపించిన చోటల్లా ఆమె సంతకం పెట్టింది. బయటికి వచ్చి, చెప్పులు వేసుకుంటూ అంది.

"ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఇరవై ఏళ్లు భయపడ్డారు. లేనిది ఉందని చెప్పడానికి నా అరెకరం అమ్మారు. బాగుందండీ."

ఆయనకు సిగ్గేసింది. దారి పొడుగునా ఆమె మొహం చూడలేకపోయారు. అయినా షెడ్డు దక్కుతుంది కదా అని తనకు తాను చెప్పుకున్నారు.

గతంలో మరచిన ఆదాయాన్ని తనంతట తానుగా గుర్తుచేసుకుని పన్ను కట్టిన మొదటి వర్తకుడిగా ఆయన ఖ్యాతి ఆటోనగర్ అంతా పాకింది. సంఘం వారు సన్మానసభ పెట్టారు. అంతోని మైకు పట్టుకుని ప్రసంగించాడు.

"సోదర వర్తకులారా! మనందరం పన్ను కట్టాలని ఎప్పట్నుంచో మనసులో అనుకుంటూనే ఉన్నాం. తీరిక లేక ఆగాం. మన వెంకటకృష్ణారావు అన్న తీరిక చేసుకున్నాడు. ఇంత బయటపెట్టాడంటే ఇంకా ఎంత ఉంటుందో ఆ దేవుడికే ఎరుక! ఇట్టాంటి నిజాయితీపరుడు మన రోడ్డులో ఉండటం మన రేడియేటర్ల అదృష్టం, కమాను కట్టల అదృష్టం."

శాలువా కప్పారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. సభ అయ్యాక జనం ఆయన్ని చుట్టుముట్టి, చెవి దగ్గరకు వచ్చి అడిగింది ఒకటే ప్రశ్న: "అన్నా, లోపల ఎంత ఉంచుకున్నావు?" ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ ఒక్క పూట ఆయనకు తన పదిహేను లక్షలు తిరిగి దొరికినట్టే అనిపించింది. మర్నాడు శాలువాతో సహా ఫొటో పేపర్లో జిల్లా పేజీలో వచ్చింది. ఆ వారంలోనే బ్యాంకు అప్పు మంజూరైంది.

పేపరు జక్కయ్య గారు కూడా చదువుతారు. అప్పు కాగితాలు పట్టుకుని వెంకటకృష్ణారావు గారు వెళ్లేసరికి ఆయన ఆ ఫొటో కత్తిరించి బల్ల మీద పెట్టుకున్నారు.

"ఏమయ్యా, నీ సంగతి తెలియక అరవై అన్నాను. డెబ్భై అయిదు."

వెంకటకృష్ణారావు గారు చేతులు జోడించారు. అంత లేదని చెప్పారు. ఒట్టు పెట్టారు. ఐదు ఆదాయాల కథ, పామర్రు పొలం కథ, ఆఖరికి అరెకరం కథ అన్నీ చెప్పారు. జీవితంలో మొదటిసారి మొత్తం నిజం చెప్పారు. జక్కయ్య గారు మోకాలు రుద్దుకుంటూ, పళ్లు లేని నోటితో హాయిగా నవ్వారు.

"ఇయ్యన్నీ టాక్సోళ్లకి చెప్పుకో. నా దగ్గరెందుకు?"

ఇక మిగిలిన దారి ఒకటే. వెంకటకృష్ణారావు గారు టిఫిను సెంటరు మెట్లెక్కి వినీల ముందు తలవంచుకుని కూర్చున్నారు. ఆమె కోప్పడింది. చాలాసేపే కోప్పడింది. తర్వాత కంప్యూటరు దగ్గరకు జరిగి, ఆయన ఖాతా పుస్తకాలన్నీ తాను స్వయంగా పరిశీలించినట్టు, ఏడాదికి ఆదాయం రెండు లక్షల పది వేలు మాత్రమే అయినట్టు, తర్వాత వేసిన రిటర్నులతో తనకు సంబంధం లేనట్టు ఉన్నది ఉన్నట్టు రాసి, సంతకం పెట్టి, నంబరు వేసి, సీలు కొట్టి ఇచ్చింది. అయిదు వందలు తీసుకుని రసీదు కూడా రాసింది. ఆ రసీదును ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. ఆడిటరు ఇచ్చిన రసీదు ఆయన అంతవరకూ చూడలేదు.

జక్కయ్య గారు ఆ కాగితం కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి చదివారు. వెలుతురులోకి తీసుకెళ్లి సీలు చూశారు. రెండోసారి చదివారు. ఆయన మొహంలో క్రమంగా ఒక గౌరవం వికసించింది.

"అబ్బ!" అన్నారు జక్కయ్య గారు. "ఎంత గొప్పగా రాయించావయ్యా! ఎక్కడా ఒక్క వంక లేదు. చదువుతుంటే నాకే నిజమనిపిచ్చింది. డెబ్భై అయిదు చేతికొస్తే నాకు కూడా ఇట్టాంటి కాగితం ఒకటి కావాల. ఆ ఆడిటరు అడ్రసు ఇటు చెప్పు."

స్థలం డెబ్భై అయిదుకే టైర్ల కంపెనీ వాళ్లు కొనుక్కున్నారు. వెంకటకృష్ణారావు గారు వెనక రోడ్డులో అద్దె షెడ్డులో ఉన్నారు. ఎండకు గొడుగు పట్టుకుని ఖాతాలు వసూలు చేసుకుంటున్నారు. ఇంటికి వెళ్లి రోజూ అసలు లెక్క సంపూర్ణకు చెబుతున్నారు. ఆమె రాసుకుంటోంది. నమ్మేది ఆమె ఒక్కతే.

వినీల ఆఫీసు మెట్ల మీద మాత్రం ఇప్పుడు కాలు పెట్టే చోటు లేదు. పది లక్షలవాళ్లు, కోటివాళ్లు, జెరాక్సు షాపు మూసి వచ్చిన సాయిగణేష్ గారు, అందరూ 'వెంకటకృష్ణారావుకు రాసిచ్చినటువంటి కాగితం' కోసం నిలబడుతున్నారు. ఆమె ప్రతివాణ్నీ అదే అడుగుతుంది, అసలు మీకు ఎంతొస్తుందండీ అని. వాళ్లు ముసిముసిగా నవ్వి, "మీరే వేసెయ్యండి మేడమ్," అంటారు. ఆమె కుదరదని పంపేస్తుంది. అంత తొందరగా లొంగడం లేదంటే చాలా గట్టి మనిషని వాళ్లు మెచ్చుకుని, మర్నాడు ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వస్తున్నారు.

ఈ కథ రాసినవాడికి నిన్న నలభై ఒకటో నంబరు దొరికింది. నా వంతు రాలేదు. వస్తే ఆ ప్రశ్నకు ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. ఇంతవరకూ ఓపిగ్గా చదివిన మీరు ఎవరి మీద జాలిపడి చదివారో నాకు తెలియంది కాదు. అడ్రసు చెబుతాను గాని, నా వెనకే నిలబడాలి.